పాత గుడికి పోదాం, రాయిని చూద్దాం

రాజంపేట చుట్టుపట్ల పాత గుళ్లు చాలా ఉన్నాయి. కొన్నింటిలో ఈరోజుకూ పూజ జరుగుతుంది. కొన్ని పాడుబడ్డాయి. గోడ ఒరిగింది. గోపురం మీద రావిచెట్టు మొలిచింది. గర్భగుడిలో గబ్బిలాలు చేరాయి. దారిన పోయేవాళ్లు ఒక దండం పెట్టి పోతారు. నిలబడి చూసేవాళ్లు తక్కువ.

"ఏముంది మే ఆడ? నాలుగు రాళ్లు! తిరునాళ్లా, పండగా? పని మానుకొని పోవాల్నా?" అంటారు కొందరు.

ఆ రాళ్ల మీద అక్షరాలు ఉన్నాయి. ఊరికి చెరువు ఎవరు తవ్వించారో, ఎవరు ఏ పొలం దానమిచ్చారో, ఎన్ని గొర్రెలు ఇచ్చారో ఆ అక్షరాలే చెప్తాయి. అందుకే కొత్తగా చదువు నేర్చిన ఆడవాళ్లు ఒక్కసారైనా పోయి చూడాలి.

ఒక్కరోజు ప్రయాణం

ఒక పొదుపు సంఘంలో పదిమంది ఆడవాళ్లు కలిసి బయలుదేరారు అనుకుందాం. దూరం పోనక్కర లేదు. అత్తిరాల, తాళ్లపాక, నందలూరు మూడూ రాజంపేటకు దగ్గరే. పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరవచ్చు.

2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశ్‌లో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి. బస్సు పోని చోటికి అందరూ కలిసి ఆటో మాట్లాడుకోవచ్చు.

చలికాలం మంచిది. ఎండాకాలంలో గుడి బండలు కాలిపోతుంటాయి, కాలు పెట్టలేం. తాగే నీళ్లు, ఇంత చిత్రాన్నం వెంట తీసుకుపోవాలి. పాడుబడిన గుడి అయితే ఇంకా జాగ్రత్త కావాలి. బొరియల్లో, రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టకూడదు. పాములు, తేళ్లు ఉంటాయి. ఒరిగిన పైకప్పు కింద కూర్చోకూడదు. ఒంటరిగా పోకూడదు.

అత్తిరాల, తాళ్లపాక, నందలూరు

అత్తిరాల చెయ్యేటి ఒడ్డున ఉంది. ఇక్కడ పరశురాముడి పేరుతో పాత శివాలయం ఉంది. తండ్రి మాట మీద పరశురాముడు తల్లిని చంపాడు. ఆ హత్యా పాపం ఈ ఏటిలో మునిగితే పోయిందని కథ. హత్యరాల అనే పేరే అత్తిరాల అయిందని పెద్దలు చెప్తారు. శివరాత్రికి ఇక్కడ పెద్ద తిరునాళ్ల జరుగుతుంది.

ఈ ఏటికి బాహుద అని ఇంకో పేరు ఉంది. శంఖుడు, లిఖితుడు అని ఇద్దరు అన్నదమ్ములు. తమ్ముడు లిఖితుడు అన్న తోటలో అడగకుండా పండు కోసుకు తిన్నాడు. తప్పు ఒప్పుకొని రాజు దగ్గరికి పోయాడు. రాజు చేతులు నరికించాడు. తరువాత ఏటిలో మునిగితే చేతులు తిరిగి వచ్చాయట. ఈ కథ మహాభారతంలో ఉంది. బాహువులు అంటే చేతులు. బాహుద అంటే చేతులు ఇచ్చింది అని అర్థం. ఇప్పుడు 'చెయ్యేరు' అని పలికి చూడండి. చెయ్యి, ఏరు. రెండు చిన్న మాటల్లో ఒక కథ ఉంది.

తాళ్లపాక అన్నమయ్య పుట్టిన ఊరు. ఆయన 1408లో పుట్టాడు, 1503లో పోయాడు. వెంకటేశ్వరుడి మీద వేల పాటలు కట్టాడు. ఆ పాటలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో ఒక అరలో దాచారు. అవి చాలా కాలం ఎవరి కంటా పడలేదు. 20వ శతాబ్దంలో బయటికి తీసి అచ్చు వేయించారు. చెక్కి దాచబట్టే అవి మన దాకా వచ్చాయి.

అన్నమయ్య భార్య తిమ్మక్క. ఆమె 'సుభద్రా కల్యాణం' అనే కావ్యం రాసింది. తెలుగులో మొదటి కవయిత్రి ఆమేనని చెప్తారు. 500 ఏళ్ల కిందట ఈ చిన్న ఊరిలో ఒక ఆడమనిషి ఘంటం పట్టి రాసింది. పలక పట్టిన ప్రతి ఆడమనిషీ ఈ పేరు గుర్తు పెట్టుకోవాలి.

నందలూరులో సౌమ్యనాథస్వామి గుడి ఉంది. సుమారు 900 ఏళ్ల కిందట, చోళ రాజుల కాలంలో కట్టారు. తరువాత వచ్చిన రాజులు మండపాలు, గోపురాలు పెంచుకుంటూ పోయారు. ఇప్పుడు ఈ గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. పురావస్తు శాఖ అంటే పాతకాలపు కట్టడాలను, వస్తువులను కాపాడే ప్రభుత్వ శాఖ.

ఈ గుడి పైకప్పు రాతిలో ఒక చేపను చెక్కారు. నీళ్లు ఆ చేపను తాకిన రోజు ప్రళయమేనని, చేప ఈదుకుంటూ పోతుందని ఊరివాళ్లు చెప్పుకుంటారు. దగ్గరలో ఆడపూరు దిక్కున బౌద్ధుల స్తూపాల ఆనవాళ్లు కూడా ఉన్నాయి. ఇప్పుడు గుళ్లు కనిపించే ఈ ఏటి ఒడ్డున ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు కూడా బతికారన్న మాట.

గుడిని ఎలా చూడాలి?

గుడిలోకి పోగానే దేవుడి దగ్గరికి పరుగెత్తవద్దు. బయటి నుండి మొదలుపెట్టి నిదానంగా చూడాలి. చుట్టూ ఉండే పెద్ద గోడ ప్రాకారం. వాకిలి మీద ఎత్తుగా ఉండేది గోపురం. లోపల ధ్వజస్తంభం, ఆ తరువాత స్తంభాల మండపం, చివర చీకటిగా చిన్నదిగా గర్భగుడి.

గోపురాన్ని బాగా చూడండి. కింది భాగం రాయి. పై భాగం ఇటుక, సున్నం. పక్షులు రావి, మర్రి పండ్లు తిని గోపురం మీద రెట్ట వేస్తాయి. ఆ విత్తనాలు ఇటుకల సందులో మొలుస్తాయి. వేరు లావెక్కే కొద్దీ ఇటుకలు విడిపోతాయి. అందుకే పాడుబడిన గుళ్లలో కింది రాతి భాగం నిలిచి ఉంటుంది, పై భాగం కూలి ఉంటుంది. దీన్నే మొండిగోపురం అంటారు. మొక్క జానెడు ఉన్నప్పుడే తీసేస్తే గోపురం నిలిచేది.

గోడ రాళ్ల మధ్య సిమెంటు కనిపించదు. ఒకదానికొకటి సరిపోయేటట్టు చెక్కి, రాతి మీద రాయి పేర్చారు. ఆ బరువుకే గోడ నిలబడింది. దగ్గరలో బండలు ఉంటే వాటి అంచులు కూడా చూడండి. వరసగా చిన్న గుంతలు కనిపిస్తే, అవి చీలలు దిగగొట్టి రాయి చీల్చిన గుర్తులు. ఇంత గుడి కట్టాలంటే రాజు ఆజ్ఞ ఒక్కటే చాలదు. రాయి కొట్టినవాళ్లు, మోసినవాళ్లు, సున్నం నూరినవాళ్లు ఎందరో ఉంటారు. చాలామంది పేర్లు ఎక్కడా రాయలేదు. ఉలి గుర్తు మాత్రం మిగిలింది.

రాతి మీద అక్షరాలు

గోడల అడుగు వరసల్లో, స్తంభాల మీద, గుడి ముందు నిలబెట్టిన బండల మీద అక్షరాలు ఉంటాయి. వీటిని శాసనాలు అంటారు.

మొదటిసారి చూసినవాళ్లకు అవి చదవరావు. "మా చదువు చాలదేమో" అని చిన్నబుచ్చుకోవద్దు. పెద్ద చదువులు చదివినవాళ్లకు కూడా అవి చదవరావు. అక్షరాల రూపం వందల ఏళ్లలో మారిపోయింది. ఒకప్పుడు తెలుగుకు, కన్నడానికి ఒకే లిపి ఉండేది. నందలూరులో చోళుల కాలపు శాసనాలు తమిళంలో ఉన్నాయి. ఇవి చదవడానికి వేరే శిక్షణ కావాలి.

అయినా కొన్ని గుర్తులు అందరికీ అర్థమవుతాయి. రాయి పైభాగాన సూర్యుడు, చంద్రుడు ఉంటే, ఆ దానం సూర్యచంద్రులు ఉన్నంత కాలం చెల్లాలని అర్థం. చివర ఒక శాపం కూడా ఉంటుంది. ఈ దానాన్ని కాజేసినవాడికి గంగ ఒడ్డున ఆవును చంపిన పాపం వస్తుందని చాలా శాసనాల్లో రాశారు.

కొన్ని రాళ్ల మీద కత్తి పట్టిన వీరుడు ఉంటాడు. ఊరి కోసం, పశువుల కోసం పోరాడి చనిపోయినవాడి గుర్తు అది. దాన్ని వీరగల్లు అంటారు. ఇంకొన్ని రాళ్ల మీద గాజులు వేసుకున్న ఒక చెయ్యి పైకెత్తి ఉంటుంది. భర్త చితిలో కాలిపోయిన ఆడమనిషి గుర్తు అది. ఆ దురాచారాన్ని 1829లో బెంగాలులో, 1830లో మద్రాసు రాజధానిలో చట్టం చేసి ఆపారు. అప్పుడు కడప ప్రాంతం మద్రాసు రాజధానిలోనే ఉండేది. ఆ రాతి చెయ్యి ముందు ఒక్క నిమిషం నిలబడాలి.

ఇంకో సంగతి కడప ప్రాంతంవాళ్లు గర్వంగా చెప్పుకోవచ్చు. ఇంతవరకు దొరికిన పూర్తి తెలుగు శాసనాల్లో అన్నిటికన్నా పాతది ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ల గుడి ఆవరణలో దొరికింది. సుమారు 575 నాటిది. రేనాటి చోళుల రాజు ధనంజయుడు వేయించాడు. అంతకు ముందు రాజులు ప్రాకృతంలో, సంస్కృతంలో రాయించేవారు. జనం మాట్లాడే తెలుగును రాతి మీదికి ఎక్కించింది ఈ సీమలోనే.

శాసనాన్ని నకలు తీసేదానికి ఒక పద్ధతి ఉంది. ముందు రాయిని శుభ్రం చేస్తారు. తడి కాగితాన్ని రాతి మీద పరుస్తారు. బ్రష్షుతో మెల్లగా కొడతారు. కాగితం అక్షరాల గుంతల్లోకి దిగుతుంది. పైన నల్లసిరా అద్దుతారు. నలుపు మధ్య అక్షరాలు తెల్లగా తేలుతాయి. ఆ కాగితాన్ని తీసుకుపోయి నిపుణులు చదువుతారు. రాతికి సున్నం కొడితే, రంగు పూస్తే గుంతలు పూడిపోతాయి. అప్పుడు నకలు సరిగా రాదు. భక్తితో పూసిన రంగు కూడా అక్షరాన్ని చెరుపుతుంది.

ఆ అక్షరాలు ఏం చెప్తాయి?

చోళుల కాలంలో గుడిలో ఒక దీపం రాత్రింబవళ్లు వెలగాలంటే 90 గానీ 96 గానీ గొర్రెలు దానమిచ్చేవారు. వాటిని కాపరులకు అప్పజెప్పేవారు. కాపరి ప్రతిరోజూ ఇంత నెయ్యి అని కొలిచి గుడికి ఇవ్వాలి. ముసలి గొర్రె చచ్చిపోతే పిల్ల గొర్రె లెక్కలోకి వస్తుంది. మంద తగ్గకూడదు. గొర్రెలు పెంచే ఆడవాళ్లకు ఈ లెక్క వెంటనే తెలుస్తుంది.

అమరావతి ప్రాంతంలోని మల్కాపురంలో 1261 నాటి శాసనం ఉంది. అది కాకతి రాణి రుద్రమదేవి కాలం. దానమిచ్చిన ఊళ్ల రాబడితో కాన్పులు చేసే ప్రసూతిశాల, వైద్యం చేసే ఆరోగ్యశాల, చదువు, అన్నసత్రం నడపాలని అందులో ఉంది. 760 ఏళ్ల కిందటే ఆడవాళ్ల కాన్పు కోసం డబ్బు కేటాయించారని ఆ రాయి చెప్తుంది.

ఆ రుద్రమదేవి ఎప్పుడు చనిపోయింది? చాలా కాలం ఎవరికీ సరిగా తెలియదు. నల్గొండ జిల్లా చందుపట్ల అనే పల్లెలో ఒక రాయి దొరికింది. రాణి చనిపోయిన తరువాత, ఆమెకు పుణ్యం కలగాలని ఆమె కొలువులోని ఒక మనిషి దేవుడికి భూమి ఇచ్చి వేయించిన శాసనం అది. దాని తేదీ 1289 నవంబరు. ఎవరైనా ఆ రాయిని పగలగొట్టి ఇంటి గోడలో పెట్టి ఉంటే, అంత పెద్ద రాణి చివరి సంగతి మనకు తెలిసేది కాదు.

పోరుమామిళ్ల రాయి చెప్పిన జాగ్రత్త

ఈ సంగతి మన సీమదే. పోరుమామిళ్లలో పాడుబడిన భైరవుడి గుడి ముందు రెండు రాతి పలకలు నిలబెట్టారు. 1369లో అక్కడ పెద్ద చెరువు కట్టించిన భాస్కరుడు వేయించిన శాసనం అది. ఆయన విజయనగర రాజు బుక్కరాయల కొడుకు. చెరువు పని రెండేళ్లు నడిచిందట. రోజూ 1000 మంది పని చేశారట. రాయి తోలేదానికి 100 బండ్లు పెట్టారట. ఆ చెరువు ఈనాటికీ ఉంది.

ఆ రాతిలో ఇంకో విలువైన మాట ఉంది. మంచి చెరువుకు ఏమేం ఉండాలో 12 సంగతులు రాశారు. చెరువుకు పనికిరాని 6 దోషాలు కూడా రాశారు. కట్టలో నుండి నీళ్లు ఊరడం ఒక దోషం. చౌడు నేల ఒక దోషం. నీళ్లు తక్కువై, తడపాల్సిన పొలం ఎక్కువ కావడం ఒక దోషం. నీళ్లు ఎక్కువై, నేల తక్కువ కావడం కూడా ఒక దోషమే.

చెయ్యేటి ఒడ్డు ఊళ్లవాళ్లకు ఆ చివరి దోషం గురించి ఎవరూ చెప్పనక్కర లేదు. 2021 నవంబరు 19న తెల్లవారుజామున పెద్ద వరద వచ్చింది. అన్నమయ్య ప్రాజెక్టు ఆ వరదను ఆపలేకపోయింది. మట్టికట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట లాంటి ఊళ్ల మీద ఏరు పడింది. మనుషులు, గొడ్లు, ఇళ్లు, పొలాలు కొట్టుకుపోయాయి. నందలూరు, రాజంపేట మధ్య రైలుకట్ట కూడా తెగింది.

650 ఏళ్ల కిందటి రాయి ఒక్కటే వరదను ఆపదు. కానీ ఆ కాలంవాళ్లు తెలుసుకున్నదాన్ని పిల్లల పిల్లలకు అందాలని రాతిలో పెట్టారు. ఊరి కట్ట ఎలా ఉంది, తూము ఎలా ఉంది, అలుగు పూడిపోయిందా అని గ్రామసభలో అడగడం చదువుకున్న ఆడవాళ్ల పని కూడా.

నిధి ఉందని తవ్వితే

పాత గుళ్లకు ఎండ, వాన కన్నా మనుషుల వల్ల ఎక్కువ చెడు జరుగుతోంది. గుడి కింద బంగారం ఉందని కొందరు రాత్రిపూట తవ్వుతారు. నంది పొట్ట పగలగొడతారు. లింగాన్ని పెకలిస్తారు. మంత్రగాళ్లు ఆశ పెట్టి డబ్బు గుంజుతారు. నమ్మిన సంసారాలు అప్పులపాలవుతాయి.

గుడి ఆస్తి ఏమిటో శాసనాలే చెప్తున్నాయి. ఎక్కువగా అది పొలం, తోట, చెరువు, గొర్రెలు, ఆవులు. తవ్వేవాళ్లు ఆ అక్షరాల రాయినే పగలగొట్టి, లేని కుండ కోసం వెతుకుతారు.

చట్టం కూడా గట్టిగా ఉంది. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాన్ని పాడు చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. రెండూ పడవచ్చు. భూమిలో 10 రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెప్తుంది. తెలపకుండా దాచుకోవడం నేరం.

ఊరి ఆడవాళ్లు ఏం చేయవచ్చు?

పాత రాతి మీద బట్టలు ఉతకకూడదు. దాన్ని గడపగా, మెట్టుగా వాడకూడదు. పిల్లలు పేర్లు గీకుతుంటే వద్దని చెప్పాలి. అక్షరాల మీద సున్నం, నూనె, రంగు పూయనివ్వకూడదు. గుడి దగ్గర తవ్వుతున్నారని తెలిస్తే పోలీసులకు, తహసీల్దారు కార్యాలయానికి చెప్పాలి.

కడపలో భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియం ఉంది. ఈ ప్రాంతంలో దొరికిన పాత శిల్పాలను అక్కడ భద్రపరిచారు. వీలైతే ఇంకో రోజు అది కూడా చూసి రావచ్చు.

ఊరిలో అక్షరాల రాయి కనిపిస్తే ఇలా ఒక అర్జీ రాయవచ్చు:

తహసీల్దారు గారికి,
అయ్యా / అమ్మా,
మా ఊరి పాత గుడి ముందు పాత అక్షరాలు ఉన్న రాయి ఒకటి ఉంది. అది మట్టిలో సగం కూరుకుపోయింది. దాన్ని పాడు కాకుండా చూడాలని, పురావస్తు శాఖవారికి తెలిపి చదివించాలని కోరుతున్నాము. అందులో ఏముందో మా ఊరికి కూడా తెలియజేయాలని మనవి.
ఇట్లు,
(ఊరి పేరు, తేదీ, అందరి సంతకాలు)

ఈ అర్జీకి వేలిముద్రలు అక్కర లేదు. చదువు నేర్చినవాళ్లు అందరూ సంతకాలు చేయవచ్చు. ఒక నకలు దగ్గర ఉంచుకోవాలి. ఇచ్చినట్టు రసీదు అడగాలి.

కలిసి మాట్లాడుకోండి

1. మీ ఊరి పాత గుడిలో అక్షరాలు ఉన్న రాయి ఉందా? ఎక్కడ ఉంది?
2. రాతి మీద సూర్యుడు, చంద్రుడు ఉంటే అర్థం ఏమిటి?
3. పోరుమామిళ్ల శాసనం చెప్పిన చెరువు దోషాల్లో ఏదైనా మీ ఊరి చెరువుకు ఉందా?
4. మీ ఊరి గుడి గురించి ముసలివాళ్లు చెప్పే కథ ఏమిటి? ఐదు వాక్యాలు రాయండి.